ఆ గాలి ఎవరి కోసం?

ప్రశ్న: మురుగునీటి శుద్ధి కేంద్రాల్లో పెద్ద పెద్ద తొట్లలోకి రాత్రింబవళ్లు గాలి కొడుతూనే ఉంటారట. కరెంటులో సగం దానికే పోతుందని విన్నాను. జల్లెడ పట్టి, క్లోరిన్ కలిపి నదిలోకి వదిలేస్తే సరిపోదా? పారే నీరు తనను తానే శుభ్రం చేసుకుంటుందంటారు కదా!

జవాబు: చేసుకుంటుంది, కాదనను. కానీ నది ఆ పని ఊరికే చేయదు, తనలో కరిగి ఉన్న ఆక్సిజన్‌ను ఖర్చుపెట్టి చేస్తుంది. మురుగులో నూటికి 99 పాళ్లకు పైగా నీళ్లే. మిగిలిన ఆ పిసరంతలో ఉన్న మలం, సబ్బు, తిండి మిగుళ్లు బ్యాక్టీరియాకు మేత. మేత మేస్తూ అవి ఆక్సిజన్ పీల్చేస్తాయి. ఎంత పీలుస్తాయో చెప్పే లెక్కే బీఓడీ. ఇళ్ల నుంచి వచ్చే మురుగుకు అది లీటరుకు సుమారు 200 నుంచి 300 మిల్లీగ్రాములు. మరి 25 డిగ్రీల వేడిలో లీటరు మంచినీటిలో నిలిచే ఆక్సిజన్ ఎంత? ఎనిమిది మిల్లీగ్రాములు, ఆ పైన కొంచెం. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుంటే నది గతి తెలుస్తుంది. ఆ ఎనిమిది కాస్తా రెండు మిల్లీగ్రాముల కంటే కిందికి దిగితే చాలా రకాల చేపలు తట్టుకోలేవు.

జల్లెడకు చిక్కేది కంటికి కనబడే చెత్తే, కరిగిన సరుకు దర్జాగా దాటిపోతుంది. క్లోరిన్ క్రిములను చంపుతుంది గానీ ఆ సరుకును తినదు. మురికి నీళ్లలో పోస్తే సగం దాని మీదే ఖర్చయిపోతుంది కూడా. అందుకే అది ఆఖరి మెట్టు. ఎక్కువైతే చేపలకు అదే విషం, కాబట్టి కొన్నిచోట్ల అతినీలలోహిత కిరణాలు వాడతారు.

నది మోయాల్సిన ఆ బరువును తొట్టిలోనే దించేస్తాం, అక్కడి బ్యాక్టీరియాకు ఆక్సిజన్ అందేలా గాలి కొట్టేది అందుకే. 1914లో మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు, గాలి ఆపాక అడుగున పేరిన బురదను పారబోయకుండా, దాని మీదే కొత్త మురుగు పోసి చూశారు. వారాలు పట్టే శుద్ధి గంటల్లోకి వచ్చింది. ఆ బురదంతా బతికున్న బ్యాక్టీరియానే మరి! ఇప్పటికీ చాలా కేంద్రాల్లో నడుస్తున్నది ఆ పద్ధతే.

ల్యాబ్‌లో పనిచేసినవాణ్ని కాబట్టి ఒక్క సంగతి చెప్పి తీరాలి. తొట్టిలోని నీళ్లను లీటరు జాడీలో పోసి అరగంట కదపకుండా ఉంచుతాం. బురద ఆరోగ్యంగా ఉంటే గోధుమ రంగులో, తొలకరి మట్టి వాసనతో ఉంటుంది. విరిగిన పాలలా గడ్డకట్టి కిందికి దిగుతుంది, పైన తేట నీరు నిలుస్తుంది. నల్లబడి కుళ్లుకంపు కొట్టిందా, గాలి చాలడం లేదన్నమాట. మైక్రోస్కోప్ కింద కాడ మీద ఊగుతూ వోర్టిసెల్లాలు అనే ఏకకణ జీవులు కనబడ్డాయంటే ఆ పూటకు నాకు బెంగ ఉండేది కాదు. మీటర్ల కన్నా నేను నమ్మింది వాటినే.

ప్రశ్న: ‘ఫ్లష్ చేయవచ్చు’ అని ప్యాకెట్ మీద రాసి ఉంటే తడి టిష్యూలు టాయిలెట్‌లో వేయొచ్చా? పెయింటు పని అయ్యాక మిగిలిన థిన్నర్‌ను సింకులో పోయొచ్చా?

జవాబు: రెండూ వద్దు. ప్యాకెట్ మీది మాట నమ్మకండి. అలాంటి టిష్యూలు కొన్నింటిలో ప్లాస్టిక్ పీచు ఉంటుంది, నీళ్లలో విడిపోదు. పంపుల రెక్కలకు చుట్టుకుంటుంది, కొవ్వు తోడైతే రాయిలా బిగుస్తుంది. 2017లో లండన్‌లోని వైట్‌చాపెల్ వీధుల కింద 250 మీటర్ల పొడవున, దాదాపు 130 టన్నుల బరువున్న అలాంటి ముద్ద బయటపడింది. దాన్ని తవ్వి తీయడానికి వారాలు పట్టింది.

థిన్నర్ సంగతి వేరే. ఒక్క ఇంటిది కలిసినా తెలియదు. అందరూ అదే పనిచేస్తే, లేదా ఏ వర్క్‌షాపో డ్రమ్ము ఒంపేస్తే, తొట్టిలోని బ్యాక్టీరియా చచ్చిపోతుంది. మళ్లీ పెంచుకోవాలంటే వారాలు. ఈలోగా మురుగు రావడం ఆగదు, సగం సగం శుద్ధయిన నీళ్లే నదిలోకి పోతాయి.