తాజ్ హోటల్ తిరగేసి కట్టారా? కడప తమ్ముడికి సమాధానం

కడపలో ఆర్కిటెక్చర్ చదువుతున్న తమ్ముడూ, ముంబై తాజ్ హోటల్‌ను ప్లాన్ తిరగేసి కట్టారనీ, అది చూసి ఆర్కిటెక్ట్ దూకి చనిపోయాడనీ నీ సెమినార్ చార్టులో రాయమంటున్నారు కదా. రాయొద్దు. మా కర్నూలు కొండారెడ్డి బురుజు సొరంగం కథలాగే ఇదీ నోటినోటా పెరిగిందే.

మొదటి డిజైన్ సీతారాం ఖండేరావు వైద్య, డి. ఎన్. మీర్జాలది. వైద్య 1900లో మలేరియాతో పోయారు. అప్పటికి హోటల్ పూర్తే కాలేదు. ఇంక తప్పు చూసి దూకడమెక్కడ! మిగతా పని చేయించింది డబ్ల్యూ. ఎ. చాంబర్స్ అనే ఇంగ్లీష్ ఇంజనీరు. జంషెట్జీ టాటా 1903 డిసెంబరులో హోటల్ తెరిచారు.

మరి వాకిలి సంగతి? మొదట్లో అది ఊరివైపే ఉండేది. సముద్రం వైపు నుంచి చూసేవాళ్ళకు వెనకభాగంలా అనిపించిందంతే. గేట్‌వే ఆఫ్ ఇండియా అప్పటికి లేనే లేదు, దాన్ని ప్రారంభించింది 1924లో. తర్వాత ముఖద్వారం సముద్రం వైపుకు మారింది, పాత వాకిలి ఉన్నచోట ఇప్పుడు ఈతకొలను ఉంది. మన భాషలో చెప్పాలంటే వీధి వాకిలి పెరడైపోయింది.

చార్టులో యు ఆకారం ప్లాన్ గీసి, పాత వాకిలిని ఒక రంగుతో, కొత్తదాన్ని ఇంకో రంగుతో చూపించు. ఎవరైనా వాదిస్తే 1900, 1903 పక్కపక్కన రాసి చూపించు, చాలు. టెన్షన్ పడకు.