పద్దుల నుంచి సలహాల వైపు

భీమవరంలో రొయ్యల చెరువుల ఆసామి దగ్గర తొమ్మిదేళ్లుగా అకౌంటెంటుగా ఉన్నాను, ఎంబీఏ లేదు, కన్సల్టెంటునంటే నాకు ఫీజు ఎవరిస్తారు అని అడిగారు కదండీ. నేనూ తణుకు దగ్గర రైస్ మిల్లులో పద్దులు రాసి ఈ సలహాల పనికి వచ్చినవాణ్నే.

డిగ్రీ సంగతి తర్వాత. ముందు ఓనరు గారికి కనపడని ఒక్క అంకె పట్టుకోండి. ప్రభుత్వానికి మర పట్టిచ్చే పచ్చి బియ్యం క్వింటా ధాన్యానికి 67 కిలోలు ఇవ్వాలి. మాకు 65 దగ్గరే ఆగేది. అందరూ తేమ మీదకి నెట్టేవారు. నేను కాటా చీటీలు, ధాన్యం పొట్టు తీసే రబ్బరు రోలర్లు మార్చిన తేదీలు పక్కపక్కన పెట్టి చూశాను. రోలర్లు అరిగిన వారాల్లోనే దిగుబడి పడిపోతోంది! ఆ ఒక్క పని సంగతి వినే పక్క మిల్లు ఆయన నన్ను పిలిచారు.

మీకైతే మేత ఉంది, రొయ్యల సాగులో పెద్ద ఖర్చు అదే. కిలో రొయ్యకు ఎన్ని కిలోల మేత పడిందో చెరువులవారీగా తీయండి. 1.3 పడిన చెరువు, 1.7 పడిన చెరువు ఒకే పద్దులో కలిసిపోతే డబ్బు ఎక్కడ పోతోందో ఎవరికీ తెలియదు.

ఉద్యోగం మాత్రం ఇప్పుడే మానకండి. మొదటి ఏడాది డబ్బులు వరసగా రావు, ఇంట్లో టెన్షన్ పడతారు. ఏ పనికి ఎంతో ముందే రాసుకోండి. ఆడిట్ సంతకం సీఏలదే, అటు వెళ్లకండి. ఒకరి లెక్కలు ఇంకొకరికి అస్సలు చూపించకండి.

పేర్లు తీసేసి ఆ మేత పట్టిక ఇక్కడ పెట్టండి, నేను చూస్తాను.