ఒంటరి అంకె రాయకమ్మా

అమ్మాయ్,

రన్‌వే గతుకుల మీద నీ వ్యాసం అందింది, రెండుసార్లు చదివా. కిటికీ సీట్లో కూర్చుని రన్‌వే మీద రెక్క చివర ఊగడం చూస్తూ రాసిన పేరా బావుంది, దాన్ని ముట్టుకోకు. ఇక తిట్లు.

మూడో పేజీలో "రన్‌వే మీద 5 సెంటీమీటర్ల గతుకు ఉంటే విమానానికి ప్రమాదం" అని రాసి ఫుల్‌స్టాప్ పెట్టేశావు. అంతేనా? ఎంత పొడవులో 5 సెంటీమీటర్లు, ఎంత స్పీడులో? అరమీటరులో 5 సెంటీమీటర్లు లేచిందంటే అది టైరుకి తగిలే దెబ్బ. అదే 5 సెంటీమీటర్లు 25 మీటర్ల పొడవున మెల్లగా లేచి దిగిందనుకో, నువ్వు దాని మీద నిలబడి చూసినా కనపడదు. కానీ అలాంటివి వరసగా నాలుగైదు ఉండి, విమానం గంటకి 180 కిలోమీటర్లతో పోతోందనుకో, సెకనుకి 50 మీటర్లు, అంటే సెకనుకి రెండు ఊపులు. పెద్ద విమానాల రెక్కలు వాటంతటవి ఊగేది కూడా సెకనుకి ఒకటి నించి మూడుసార్ల మధ్యే. ఆ రెండూ కలిశాయంటే ఒక్కో ఊపుకీ రెక్క ఇంకాస్త ఎక్కువ వంగుతుంది. అదే చోట గంటకి 36 కిలోమీటర్లతో టాక్సీ చేస్తే, అంటే నేల మీద మెల్లగా నడిస్తే, రెండున్నర సెకన్లకో ఊపు, లోపల కూర్చున్నవాళ్ళకి తెలీను కూడా తెలీదు. గతుకు అదే, ఎత్తు అదే, మరి నీ 5 ఏం చెప్పినట్టు?

నేను ఇన్నేళ్ళుగా మొత్తుకునేది ఇదొక్కటే, అంకెని ఒంటరిగా వదలొద్దు. ఎత్తు రాస్తే పక్కన పొడవు రాయి, పొడవు రాస్తే స్పీడు, స్పీడు రాస్తే ఆ పూట విమానం బరువెంతో, రెక్కల్లో ఇంధనం ఎంతుందో. ఒక్క అంకె పడేసి పోతే చదివేవాడు భయపడతాడు, అంతకుమించి వాడికి ఒరిగేదేం లేదు.

ఈ మాట ఎడిటర్లకి అప్పుడూ నచ్చలేదు ఇప్పుడూ నచ్చట్లేదు. ఇక్కడే బెంగళూరు మురుగేష్‌పాళ్యలో గదిలో ఉన్న రోజుల్లో, షిఫ్టు దిగాక రాత్రుళ్ళు వాడేసిన గ్రాఫ్ కాయితాల వెనకవైపు రాసి పోస్టులో వేసేవాణ్ణి, తెల్లకాయితాలు కొనడానికి కూడా చెయ్యి ఆడేది కాదు. ఒక పత్రికాయన, పేరెందుకులే, నా వ్యాసంలో అంకెలన్నీ పీకేసి వాటి చోట్లో "చాలా", "ఎంతో", "భారీగా" అని నింపి వేశాడు. అడిగితే మన పాఠకులకి లెక్కలు ఎక్కవండీ అన్నాడు. బియ్యం బస్తా రేటు నించి రన్‌రేటు దాకా నోటిమీద చెప్పే జనానికి లెక్కలు ఎక్కవట! పుష్పకవిమానం నించి మొదలెట్టి ఉంటే ఇంకా బావుండేదని ఉచిత సలహా కూడానూ. ఇప్పటి ఫ్యాషన్ "మీకు తెలుసా?", నువ్వూ దాంతోనే మొదలెట్టావు. తీసెయ్.

తర్వాత ఆ పాత ఎయిర్‌పోర్ట్ రోడ్డు గుంతల్లో కారు ఎగిరినట్టే విమానమూ అన్నావు చూడు, అది కూడా. రోడ్ల గరుకుని కొలిచే ఐఆర్‌ఐ (ఇంటర్నేషనల్ రఫ్‌నెస్ ఇండెక్స్) లెక్క గంటకి 80 కిలోమీటర్లతో పోయే కారు సస్పెన్షన్‌ని మనసులో పెట్టుకుని కట్టింది. విమానాన్ని ఏడిపించే పదుల మీటర్ల పొడుగు అలలు ఆ లెక్కకి సరిగ్గా చిక్కవు, అందుకే కారులో హాయిగా ఉన్న రన్‌వే విమానానికి హాయిగా ఉండాలని రూలేం లేదు.

అన్నిటికన్నా ఒళ్ళు మండింది "షాక్ స్ట్రట్ ప్రతి గతుకునీ మింగేస్తుంది" అన్న వాక్యానికి. స్ట్రట్ అంటే చక్రాలకీ విమానానికీ మధ్య కుదుపు తగ్గించే కాలు. ఈసారి యలహంకలో ఏరో ఇండియా విమాన ప్రదర్శనకి వెళ్తే ఆకాశంలోకి కాదు, మెల్లగా టాక్సీ అవుతున్న విమానం చక్రాల పైన మెరిసే ఆ కడ్డీ వైపు చూడు. విమానం కాస్త కాస్త ఊగుతున్నా అది చాలాసేపు కదలనే కదలదు. లోపల నైట్రోజన్, ఆయిలు ఉంటాయి, సీళ్ళ దగ్గర రాపిడి ఉంటుంది, చిన్న కుదుపుకి ఆ రాపిడి దాటేంత బలం రాదు, స్ట్రట్ బిగుసుకుని ఉండిపోతుంది, పనంతా టైరే చేస్తుంది. పెద్ద దెబ్బ తగిలితేనే ఒక్కసారిగా జారుతుంది. అప్పుడు సన్న రంధ్రంలోంచి దూరే ఆయిలు, కడ్డీ వేగం రెట్టింపైతే నాలుగింతలు ఎదురు తిరుగుతుంది, గ్యాసేమో నొక్కేకొద్దీ గట్టిపడుతుంది. ఇందులో ఏదీ సరళరేఖలో నడిచేది కాదు.

గతుకుల లోడు లెక్కకట్టడానికి పీఎస్‌డీ (పవర్ స్పెక్ట్రల్ డెన్సిటీ) పద్ధతి మంచిదా టైమ్ హిస్టరీ మంచిదా అని అడిగావుగా, జవాబు ఇక్కడే ఉంది. 1955లో నాసాకి ముందున్న అమెరికా విమాన పరిశోధన సంస్థ ఎన్‌ఏసీఏ రిపోర్టులో జాన్ హౌబోల్ట్, తోటివాళ్ళూ (తర్వాత చంద్రుడి కక్ష్యలో కలిసే పద్ధతి కోసం నాసాలో పట్టుబట్టింది ఈయనే) రన్‌వే గరుకుని అలల పొడవుల వారీగా విడదీసి ఏ పొడవు వాటా ఎంతో చూపించారు, పీఎస్‌డీ అంటే ఇదే. నాకు ముచ్చటైన లెక్క, ఒంటరి అంకెకి అందులో చోటే లేదు. కానీ అది దెబ్బ రెట్టింపైతే లోడూ రెట్టింపే అనుకుంటుంది, స్ట్రట్ ఆ మాట వినదు. అందుకే నిజమైన రన్‌వే ఎత్తుపల్లాలు తీసుకుని, కంప్యూటర్లో దాని మీద విమానాన్ని రకరకాల స్పీడుల్లో నడిపించి క్షణక్షణం లోడు చూస్తారు, అదే టైమ్ హిస్టరీ. ఎందుకన్ని స్పీడులంటే, స్పీడు పెరిగితే లోడు పెరుగుతుందన్న నీ మాట సగమే నిజం, ఒకపక్క రెక్క విమానం బరువుని ఎత్తుకోవడం మొదలెడుతుంది కదా. ఇందుకోసం అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ సలహా పత్రంలో ఇచ్చింది శాన్‌ఫ్రాన్సిస్కో 28ఆర్ రన్‌వే, అదీ బాగుచెయ్యక ముందున్న రూపం. అసలు రన్‌వే ఎప్పుడో బాగుపడింది, దాని గతుకులు మాత్రం ఇంకా విమానాలకి పరీక్ష పెడుతూనే ఉన్నాయి. ఇంత మంచి సంగతి వదిలేసి రైట్ సోదరులకి ముప్పావు పేజీ ఇచ్చావేంటమ్మా?

కిటికీ పేరాకి ఒక్క ముక్క చేర్చు. నేల మీద రెక్క కిందికి వాలి పై రేకు సాగుతుంది, గాల్లోకి లేవగానే అదే రేకు నొక్కుకుపోతుంది. నువ్వు చూసిన ఊపు ఈ వాలిన రెక్క మీద పడేది.

కలం పేరు, పారితోషికం, పుస్తకం సంగతులు తర్వాతెప్పుడైనా. తిరగరాసి పంపు, బొమ్మ కూడా నువ్వే గీసి జత చెయ్, ఎడిటర్‌కి వదిలేశావంటే గతుకుల మీద వ్యాసానికి సూర్యాస్తమయంలో ఎగిరే విమానం వేస్తారు, నాకు వేశారు.

మీ బాబాయ్ లాంటివాణ్ణి,
బెంగళూరు