సైకలాజికల్ ఇవాల్యుయేషన్: పరీక్ష ఎవరికి చేయించాలి?

ఇమ్మిగ్రేషన్ కేసుకి సైకాలజిస్టు రిపోర్టు కావాలని లాయరు అనగానే చాలామంది తామే అపాయింట్‌మెంట్ తీసుకుని వెళ్లి కూర్చుంటారు. ఐ-601ఏ వెయివర్ (స్టేటస్ లేకుండా ఉన్నందుకు పడే నిషేధాన్ని మాఫీ చేయమని పెట్టే దరఖాస్తు) అయితే అక్కడే డబ్బు దండగ. ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే ఎంట్రీ రికార్డు) గడువు, అంటే వీసా స్టాంపు తేదీ కాదు, దాటాక ఏడాదో ఆపైనో స్టేటస్ లేకుండా ఉండి, అమెరికా విడిచి వెళ్తే పదేళ్ల నిషేధం పడుతుంది. అది మాఫీ కావాలంటే సిటిజన్ లేదా గ్రీన్‌కార్డు ఉన్న జీవిత భాగస్వామికో, తల్లికో, తండ్రికో తీవ్రమైన కష్టం కలుగుతుందని చూపాలి. పరీక్ష జరగాల్సింది వాళ్లకి. మీ కుంగుబాటు నేరుగా లెక్కలోకి రాదు. పిల్లలదీ అంతే, పిల్లాడి ఆటిజం వల్ల మీ ఆవిడ మీద పడే భారం మాత్రం వస్తుంది. మీరు లేకుండా ఇక్కడ ఉండిపోతే ఆమె పరిస్థితేంటి, మీ వెంట ఇండియా వచ్చేస్తే ఏంటి, రెండూ రిపోర్టులో ఉండేలా చూసుకోండి.

గృహహింస కేసుల్లో, అంటే వావా (సిటిజన్ లేదా గ్రీన్‌కార్డు ఉన్న భర్త హింసిస్తే భార్య సొంతంగా దరఖాస్తు చేసుకోనిచ్చే చట్టం) కింద వేసే ఐ-360 ఫారంలో, పరీక్ష బాధితురాలికే. భర్త హెచ్-1బీ మీద ఉంటే వావా కుదరదు. నేరాల బాధితులకిచ్చే యూ వీసా దారి వేరు, దానికి పోలీసులో ప్రాసిక్యూటరో సంతకం చేసిన సర్టిఫికేషన్ కావాలి.

మామూలుగా రెండు మూడు సిట్టింగులు పడతాయి. చికిత్స కాదు కాబట్టి ఇన్సూరెన్సు మీద ఆశ పెట్టుకోకండి. కుంగుబాటు ఎంతుందో కొలిచే పీహెచ్‌క్యూ-9 లాంటి ప్రశ్నపత్రం ఇస్తారు: గత రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. అన్నిటికీ 3 పెట్టేసి, మాటల్లో మాత్రం ఆఫీసులో ప్రమోషన్ వచ్చిందంటే రెండూ పొసగవు. అదీ రిపోర్టుకెక్కుతుంది. మనవాళ్లలో ఎక్కువ కనిపించేది దీనికి పూర్తిగా వ్యతిరేకం: "ఏం లేదండీ, బానే ఉన్నా." గుండెదడ, అరికాళ్ల మంటలు, తెల్లారుజామున మూడింటికే మెలకువ రావడం, పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోవడం... చెప్పాల్సినవి ఇవే. ఎప్పట్నుంచి, వారానికి ఎన్నిసార్లు అన్నదీ చెప్పండి. ఇంగ్లీషు తడబడితే తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని అడగండి. కూతురో మరిదో పక్కనుంటే అత్తింటి సంగతులు నోరు దాటి రావు.

లాయరుకిచ్చిన డిక్లరేషన్ (జరిగింది రాసి సంతకం చేసిన వాంగ్మూలం) కాపీ, ఇండియాలో వాడిన మందుల చీటీలు తీసుకెళ్లండి. డిక్లరేషన్‌లో కొట్టింది 2021 మేలో అనీ, రిపోర్టులో 2022లో అనీ ఉంటే ఆఫీసరు పట్టుకునేది దాన్నే. అందుకే సంతకానికి ముందు డ్రాఫ్టులో తేదీలు, పేర్లు లాయరు సరిచూడాలి. డయాగ్నసిస్ మార్చమని మాత్రం అడక్కూడదు. ఫోన్లో అరగంట మాట్లాడి రిపోర్టు గ్యారంటీ అనేవాళ్ల జోలికి పోకండి.

అమ్మానాన్నల సిటిజన్‌షిప్‌కి పెట్టే ఎన్-648 ఇంకో రకం: జబ్బు వల్ల ఇంగ్లీషు, సివిక్స్ (అమెరికా చరిత్ర, ప్రభుత్వం) పరీక్షల నుంచి మినహాయింపు అడిగే ఫారం. దాని మీద ఎండీ లేదా డీఓ డిగ్రీ ఉన్న డాక్టరు, లేదా లైసెన్సున్న క్లినికల్ సైకాలజిస్టే సంతకం చేయాలి. సోషల్ వర్కరుది చెల్లదు. వయసు మీద పడిందనో, చదువుకోలేదనో రాస్తే సరిపోదు. డిమెన్షియా (మతిమరుపు జబ్బు) లాంటి దాని వల్ల కొత్త విషయం ఎందుకు నేర్చుకోలేకపోతున్నారో వివరించాలి. జబ్బేమీ లేకపోతే, 50 దాటి గ్రీన్‌కార్డు మీద 20 ఏళ్లు, లేదా 55 దాటి 15 ఏళ్లు ఉన్నారేమో చూడండి. అప్పుడు ఇంగ్లీషు పరీక్షే ఉండదు, సివిక్స్ తెలుగులో చెప్పొచ్చు.