కొండ దిగే ముందు నాలుగు మాటలు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

పెట్రోలు ఇంజన్, కరెంటు మోటారు రెండూ ఉండే హైబ్రిడ్ కారు కొన్నావని అమ్మ ఫోనులో చెప్పింది. కొత్త బండి మొదట తిరుమల కొండకే వెళ్తుంది కదా, అందుకే వెంటనే రాస్తున్నాను.

ఇలాంటి బండే నాకూ ఉంది. ఇంటికి తెచ్చిన రోజు మీట నొక్కితే చప్పుడు లేదు. మళ్లీ నొక్కాను, వచ్చిన దీపాలు కూడా ఆరిపోయాయి! బ్రేకు తొక్కి మీట నొక్కు. ‘రెడీ’ అని వెలిగితే చాలు, బండి కదులుతుంది. గాంధీ రోడ్డులో మాత్రం జాగ్రత్త, మోటారు మీద నడుస్తుంటే నీ రాక ఎవరికీ వినిపించదు.

అలిపిరి దాటి ఎక్కుతుంటే ఇంజన్ రొద పెడుతుంది, తెర మీద మైలేజీ పడిపోతుంది. దాన్ని చూడకు. కిందికి వచ్చాక లెక్క చూసుకో.

అసలు విద్య దిగడంలో ఉంది. దిగే దారి 1944 నాటిది, మలుపులు ఎక్కువ. మలుపుకు చాలా ముందే బ్రేకును మెల్లగా అదుముతూ రా. అప్పుడు మోటారే జనరేటర్‌గా మారి, బండి వేగాన్ని కరెంటు చేసి బ్యాటరీలో వేస్తుంది. మలుపు మీదికి వచ్చి గట్టిగా తొక్కావంటే అందులో చాలా భాగం బ్రేకుల వేడిగా పోతుంది. న్యూట్రల్‌లో ఎప్పుడూ దించకు.

అయితే ఈ బ్యాటరీ చిన్నది, కొండ దిగకముందే నిండిపోతుంది. నిండాక ఇంజన్ ఉన్నట్టుండి గోల పెడుతుంది. మొదటిసారి నాకు చెమటలు పట్టాయి, మీ అత్తయ్య గోవింద నామాలు అందుకుంది. తీరా చూస్తే అది పెట్రోలు కాల్చకుండా ఊరికే తిరుగుతూ బండిని పట్టి ఉంచుతోంది, అంతే. నీ బండి గేరులో ‘బి’ అని, ఇలా ఇంజన్‌తో బండిని పట్టి ఉంచేది ఉంటే ఏటవాలు మొదలవగానే అందులో వేసుకో.

ఇంకొకటి. వెనక సీటు పక్కన చిన్న జాలీ ఉంటుంది, బ్యాటరీకి చల్లగాలి అందులోంచే. ఒకసారి లడ్డూ సంచులన్నీ దానికి అడ్డంగా పేర్చాం. దారి పొడవునా ఫ్యాను హోరు! మన ఊరి దుమ్ముకు ఆ జాలీ వెనక ఫిల్టర్‌ను సర్వీసులో తప్పక శుభ్రం చేయించు. నారింజ రంగు తీగల మీద మాత్రం వీధి మెకానిక్ చేయి పడనివ్వకు, వాటిలో ప్రాణం తీసే కరెంటు ఉంటుంది.

నెల రోజులు ఊళ్లో లేకపోతే మోటారును నడిపే బ్యాటరీకి ఏమీ కాదు, పన్నెండు వోల్టుల బ్యాటరీ ఇంకొకటి ఉంటుంది, అది చచ్చిపోతుంది. అది లేకపోతే బండి కళ్లే తెరవదు. వారానికోసారి ఎవరిచేతనైనా కాసేపు నడిపించు.

చిత్తూరు రోడ్డులో ఒకే వేగంతో పోతే పెద్ద లాభం కనిపించదు. లీలామహల్ కూడలిలో ఆగుతూ కదులుతూ పోయేటప్పుడు చూడు దీని పొదుపు.

ఆదివారం తెల్లవారుజామున బయలుదేరుదాం. నేను నీ పక్కన కూర్చుంటాను. తిరుగు ప్రయాణంలో లడ్డూలు అత్తయ్య ఒళ్లో పెట్టుకుంటుందట.

మీ మామయ్య