కంబోడియా పోతున్న శిరీషకు

బిడ్డా శిరీషా,

నిన్న మీ బాపు ఫోన్ చేసి "అన్నా, పిల్ల మందుపాతరల దేశం పోతానంటోంది, నువ్వన్నా ఆపు" అన్నాడు. ఫౌజులో రిటైరయ్యాక కూడా ఊరుకోకుండా శ్రీలంకలో మందుపాతరలు ఏరడానికి పోయినవాణ్ని, నిన్ను ఆపే మొహం నాకెక్కడిది? పొద్దున భద్రకాళి చెరువు కట్ట మీద వాకింగ్‌కు వచ్చిన వాళ్లందరికీ చెప్పుకున్నాను కూడా. ఇంటికొచ్చాకే టెన్షన్ మొదలైంది.

వ్యాక్సిన్లు, వీసా, సెక్యూరిటీ కోర్సు నువ్వే చూసుకుంటావు. కన్సల్టెంట్ అని పేరు గొప్పే గానీ పీఎఫ్ ఉండదు, పెన్షన్ ఉండదు, కాంట్రాక్టు అయిపోయిన మర్నాడు నువ్వెవరో వాళ్లెవరో. ఆరు నెలల డబ్బు ఏడాదికి సరిపెట్టుకో. మామూలు ఇన్సూరెన్స్ పాలసీల్లో యుద్ధం వల్ల జరిగిన నష్టానికి సాధారణంగా పైసా రాదు. వార్ రిస్క్ కవర్ ఉందా, దెబ్బ తగిలితే ఏ ఊరి ఆసుపత్రికి ఎలా తీసుకుపోతారు అని రాతలో అడుగు. నోటిమాట నమ్మకు.

ఇంకోటి, మీ అమ్మ ముందు అనలేక ఇక్కడ రాస్తున్నా. ఫీల్డులో ఒంటేలుకని పొద చాటుకు దారి దిగొద్దు. ఆ ఇబ్బందికి నీళ్లు తాగడం మానేసి ఎండకు కళ్లు తిరిగి పడ్డ ఆడపిల్లలను చూశాను. ఆడవాళ్లకు టాయిలెట్ ఎక్కడ అని మొదటి రోజే సైట్ ఇన్‌చార్జిని అడుగు. లేదంటే, అది పెట్టించేదాకా ఫీల్డుకు రానని చెప్పు. అడగడానికి మొహమాటపడ్డావని తెలిస్తే నాకు కోపం వస్తుంది.

ఇక అసలు సంగతి. నీది సర్వే, మ్యాపుల పని అన్నాడు మీ బాపు. మందుపాతర తీసేవాడి తప్పు వాడి కాలు తీస్తుంది. మ్యాపు గీసేవాడి తప్పు వాడికి కనిపించను కూడా కనిపించదు. 2009లో యుద్ధం ముగిశాక శ్రీలంక ఉత్తరాన మేం పని చేసే రోజుల్లో ఒక కన్సల్టెంట్ వచ్చాడు. పెద్ద చదువే. ఊరి పెద్దను, ఒక ఆఫీసరును అడిగి, జీపులో కూర్చునే, మందుపాతరలు ఉండొచ్చనే జాగా చుట్టూ మ్యాపు మీద ఎర్రగీత గీశాడు. కొబ్బరి తోట, రెండు బావులు, బడి వెనక జాగా అన్నీ అందులోకే వచ్చాయి. తక్కువ గీస్తే రేపు ఎవరైనా చస్తే తన మీదికొస్తుంది, ఎక్కువ గీస్తే అడిగే దిక్కుండదు కదా.

ఆ గీత లోపలంతా మేం మోకాళ్ల మీద కూర్చుని, పొడుగు పిడి దంతెతో మట్టిని కొద్దికొద్దిగా మా వైపు లాగాలి. వేరే సమాచారం లేకపోతే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 13 సెంటీమీటర్ల లోతు. మాస్కు లోపల చెమట కళ్లల్లోకి కారుతుంది, తుడుచుకోవడానికి లేదు. పొద్దంతా చేస్తే మనిషికి చిన్న గదంత జాగా తేలితే గొప్ప. మాతో దంతె పట్టిన ఆడవాళ్లలో యుద్ధంలో భర్తలు పోయినవాళ్లే ఎక్కువ. నెలల తరబడి లాగితే దొరికినవి మేకులు, చేపల డబ్బాలు, తూటా తొక్కలు. ఒక్క మందుపాతర లేదు.

ఓ ముసలమ్మ రోజూ కట్టెల మోపుతో అటుగా పోయేది. ఒకనాడు నిలబడి, "ఇక్కడేముందని వెతుకుతున్నరు? పాతింది ఆ తాటిచెట్ల వరస వెంట. మా మేకలు అక్కడే చచ్చినయ్" అంది. ఫౌజులో మద్రాస్ సాపర్స్ అనే ఇంజినీరు దళంలో నేర్చిన తమిళం నాకు అప్పుడు పనికొచ్చింది. సర్వే నాడు అడిగినా ఇదే చెప్పేది, ఎవరూ అడగలేదు. టీమును తాటిచెట్ల వైపు మార్చేలోపే అక్కడ ఒక పిల్లగాడి పాదం పోయింది.

నువ్వు పోయే చోటా ఇదే గొడవ. 2002లో ముగిసిన దేశవ్యాప్త సర్వే అనుమానపు భూమిని బాగా ఎక్కువ చూపింది. 2009లో మళ్లీ మొదటి నుంచి లెక్క తేల్చడానికి బేస్‌లైన్ సర్వే మొదలుపెట్టాల్సి వచ్చింది. థాయ్ సరిహద్దు వెంట 1980ల్లో పరిచిన, కే5 అనే మందుపాతరల పట్టీలో మాత్రం అవి నిజంగానే కిక్కిరిసి ఉంటాయి, అక్కడ ధైర్యాలు చేయకు. మిగతా చోట్ల కట్టెలకు, మేకల వెంట పోయే ఆడవాళ్లను అడుగు. ఎటు పోతారు అని కాదు, ఎటు పోవడం మానేశారు, ఎప్పటినుంచి అని. 2025లో కర్రెగుట్టల మీద మందుపాతరలు పెట్టామని మావోయిస్టులు ప్రకటించారు కదా, అలాంటి చోట ఏ బాట వదిలేయాలో రోజూ అడవిలోకి పోయేవాళ్లకు తెలిసినంత ఆఫీసులకు తెలియదు. ఒకసారి డేటాబేసులోకి ఎక్కిన గీతను దించాలంటే ఏళ్లు పడుతుంది, అంతకాలం ఎవరో ఒకరి చెల్క పడావు.

క్లియర్ అయిన నేలకు ధర వస్తుంది, పెద్దోళ్లు వచ్చి వాలుతారు. పని మొదలుపెట్టకముందే భూమి ఎవరిదో రాసుకో. ధరణి గొడవలు చూసినదానివి, నీకు విడమర్చాలా?

మేడారంలో తప్పిపోయి, బెల్లం కొట్టు ముందు కూర్చుని, ఏడవకుండా పోలీసాయనకు ఊరూ పేరూ గడగడా చెప్పిన పిల్లవి నువ్వు. ఆయనే నీకు బెల్లం ముక్క పెట్టి మా దగ్గరికి తెచ్చాడు. మీ బాపును నేను సముదాయిస్తాలే.

ఇన్సూరెన్స్ కాగితం వాట్సాప్‌లో పెట్టు, అన్ని పేజీలూ. అది చూశాకే టికెట్ తీసుకో. పైలం బిడ్డా.

మీ పెద్దబాపు,
హనుమకొండ