‘డెలివర్డ్’ అని పడింది, కొన్నామె అందలేదంటోంది: అమ్మినవాళ్లు ఏం చేయాలి?

ప్రశ్న: శ్రీకాళహస్తిలో ఇంటి దగ్గర నుంచే కలంకారీ చీరలు, దుపట్టాలు వాట్సాప్‌లో అమ్ముతాను. తిరుపతి బైరాగిపట్టెడకు పంపిన 2,800 రూపాయల చీర మొన్న రాత్రి 9.40కి ‘డెలివర్డ్’ అని పడింది. కొన్నామె మాత్రం అందలేదంటోంది. కొరియర్ వాళ్లేమో ‘ఆమెనే ఫోన్ చేయమనండి’ అంటున్నారు. డబ్బు వెనక్కివ్వాలా, ఆగాలా?

జవాబు: కొరియర్‌కు డబ్బు కట్టింది మీరు. కాబట్టి వాళ్ల కస్టమర్ మీరే, ఆమె కాదు. ఫిర్యాదు మీ పేరు మీదే పోవాలి. ఆమెను ఫోన్ చేయమనడం మిమ్మల్ని తిప్పి పంపడమే. ‘డెలివర్డ్’ అనేది కొరియర్ బాయ్ ఫోన్‌లో నొక్కిన ఒక బటన్, అంతే. అది రుజువు కాదు. రుజువును పీఓడీ (ప్రూఫ్ ఆఫ్ డెలివరీ) అంటారు, అడిగితేనే ఇస్తారు.

రాత్రి 9.40 అన్న టైమును గమనించండి. పొద్దున బ్యాగులో వేసుకున్న ప్రతి పార్సిల్‌కూ రాత్రిలోగా ఏదో ఒక లెక్క చూపాలి. ఇవ్వలేదని పెడితే కారణం రాయాలి, పైనుంచి ఫోన్ వస్తుంది. అందుకని కొందరు మిగిలినవాటన్నిటికీ ‘డెలివర్డ్’ కొట్టేసి మరుసటి రోజు తెచ్చిస్తారు. పొద్దుపోయాక పడిన ఎంట్రీ అయితే మర్నాడు సాయంత్రం దాకా చూడటం న్యాయమే. మీకు ఆ గడువు దాటిపోయింది కాబట్టి ఇక గమ్మున ఉండకండి. చాలా కొరియర్లలో ఫిర్యాదు గడువు కొద్ది రోజులే. రసీదు వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఈరోజే చదవండి.

ముందు ఆమెకు మెసేజ్ పెట్టండి. ఫోన్‌లో మాట్లాడినా సరే, రాతలో కూడా ఉండాలి. ‘అమ్మా, పార్సిల్ అందినట్టు కొరియర్ వాళ్లు చూపిస్తున్నారు, మీకు చేరలేదంటున్నారు, నేను కనుక్కుంటున్నాను. ఒక్కసారి కింద ఇంటివాళ్లను, పక్కింటివాళ్లను, వాచ్‌మన్‌ను, వీధి మొదట్లో అంగడి ఉంటే అక్కడ అడగండి. మీ ఇంటి లొకేషన్ కూడా పంపండి’ అని రాస్తే చాలు. ‘మీరు తీసుకునే అడుగుతున్నారా’ అనే ధ్వని ఎక్కడా రాకూడదు. మిద్దె మీద ఇల్లయితే కింద అంగట్లో ఇచ్చి వెళ్లిపోవడం, హాస్టల్ అయితే వార్డెన్ గదిలో పడేయడం మామూలే. చాలా పార్సిళ్లు ఇలా వెతికితేనే దొరుకుతాయి.

అదే రోజు కొరియర్‌కు మెయిల్ పెట్టి ఫిర్యాదు నంబరు తీసుకోండి. పార్సిల్ మీది ఏడబ్ల్యూబీ నంబరు, అంటే ట్రాకింగ్ నంబరు, రాసి ఐదు సంగతులు అడగండి: ఎవరు అందుకున్నారు, కొన్నవాళ్లకు ఏమవుతారు, సంతకం లేదా ఫోటో, ఓటీపీ వాడారా, డెలివరీ కొట్టిన చోటి జీపీఎస్ అంకెలు. అసలు విషయం ఎక్కువగా ఈ జీపీఎస్‌లోనే బయటపడుతుంది. ఆ అంకెలను మ్యాప్‌లో వేసి ఆమె పంపిన లొకేషన్‌తో పోల్చండి. ఇరుకు సందుల్లో 30, 50 మీటర్ల తేడా వస్తుంది, పట్టించుకోనక్కర్లేదు. హబ్ దగ్గరే, అంటే కొరియర్ వాళ్లు పార్సిళ్లు పంచే ఆఫీసులోనే, చూపిస్తే పార్సిల్ అసలు బయలుదేరలేదన్నమాట. కిలోమీటరు అవతల చూపిస్తే వేరే ఇంట్లో ఇచ్చారు. తిరుపతిలో ‘రెండో క్రాస్’ అంటే ఏ నగర్‌లో అని అడగాల్సిందే, అన్ని చోట్లా ఉంటుంది. పైగా ఊళ్లోనే 517501, 517502, 517507 అని పిన్‌లు మారతాయి. పిన్ తప్పు రాస్తే పార్సిల్ వేరే బాయ్ బ్యాగులో పడుతుంది, అతనికి ఆ వీధి తెలియదు. లేబుల్ మీద పిన్ మీరే తప్పు రాశారేమో కూడా చూసుకోండి. అలాగైతే నష్టం మీదే, కొరియర్ మీద వాదించి లాభం లేదు.

సంతకం స్థానంలో ఒక గీత గీసి ‘సెల్ఫ్’ అని ఉంటే దాన్ని ఒప్పుకోవద్దు. కొన్నామె చేత ‘ఈ నంబరు పార్సిల్ నాకు గానీ మా ఇంట్లోవాళ్లకు గానీ అందలేదు’ అని తెల్లకాగితం మీద రాయించి, సంతకం, తేదీతో ఫోటో తెప్పించుకుని మెయిల్‌కు జత చేయండి. నిజంగా అందనివాళ్లు ఇది వెంటనే రాసిస్తారు. రాయడానికి వెనకాడితే మాత్రం జాగ్రత్తపడాలి, అప్పుడు కూడా మాట తూలొద్దు.

శ్రీకాళహస్తి నుంచి తిరుపతి దగ్గరే కాబట్టి మీరు గానీ, తెలిసినవాళ్లు గానీ నేరుగా డెలివరీ హబ్‌కు వెళ్లడం మేలు. పొద్దున బాయ్స్ బ్యాగులు సర్దుకునే టైముకి వెళ్తే ఆ వీధికి వెళ్లినతనే ఎదురుగా ఉంటాడు. మధ్యాహ్నం వెళ్తే కౌంటర్‌లో మనిషి తప్ప ఎవరూ ఉండరు.

ఇక డబ్బు సంగతి. ఆమెకు ఒక తేదీ చెప్పండి, వారం చాలు. ఆ తేదీకి కొరియర్ తేల్చినా తేల్చకపోయినా డబ్బు వెనక్కివ్వండి, లేదా ఆమె ఒప్పుకుంటే వేరే చీర పంపండి. కొరియర్‌తో మీ తగువు వేరు, ఆమెకు దానితో సంబంధం లేదు. డబ్బు కట్టిన మనిషి చేతికి సరుకు చేరలేదు, న్యాయం ఆమె వైపే ఉంది. ఆమె 1915 నంబరుకు ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు ఇవ్వొచ్చు, తానుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. కొన్న ధర 5 లక్షలలోపు అయితే ఫీజు కూడా లేదు. ఆమె కార్డుతో కట్టి బ్యాంకులో చార్జ్‌బ్యాక్, అంటే కట్టిన డబ్బు వెనక్కిప్పించమనే అర్జీ, పెడితే ఆ చెల్లింపు నడిపిన పేమెంట్ గేట్‌వే కంపెనీ నుంచి మీకు మెయిల్ వస్తుంది. జవాబుకు గడువు కొద్ది రోజులే. బిల్లు, చిరునామా ఉన్న చాట్, బుకింగ్ రసీదు, పీఓడీ అన్నీ ఒకే ఫైల్‌గా పంపండి.

కొరియర్ నుంచి ఎంత వస్తుందన్నది బుకింగ్ రోజు రాసిన విలువ మీద ఆధారపడుతుంది. చార్జీ తగ్గుతుందని 2,800 చీరకు 300 అని రాస్తే 300కు మించి అడగలేరు. స్పీడ్ పోస్ట్‌లో పోయినా పెద్దగా రాదు. కట్టిన చార్జీకి రెట్టింపు లేదా 1,000 రూపాయలు, ఏది తక్కువైతే అదే ఇస్తారు. కలంతో గీసిన చీర పోతే అలాంటిది మళ్లీ చేయడానికి వారాలు పడుతుంది, వాటికి ఇన్సూరెన్స్ తప్పకుండా చేయించండి.

స్పీడ్ పోస్ట్‌లో 2025 అక్టోబర్ 1 నుంచి ఓటీపీ చెబితేనే చేతికిచ్చే పద్ధతి పెట్టారు, దానికి అదనంగా 5 రూపాయలు, దానిపై జీఎస్టీ. కొన్నవాళ్ల ఫోన్ నంబరు తప్పు లేకుండా ఉంటేనే అది పనిచేస్తుంది. అందుకే బుక్ చేసేముందు చిరునామా, పిన్, రెండు ఫోన్ నంబర్లు, ఒక కొండగుర్తు మెసేజ్‌లో తిరిగి పంపి ‘సరే’ అనిపించుకోండి. మడత పెట్టడం నుంచి లేబుల్ అంటించేదాకా ఒకే వీడియో తీసి, నంబరు కనబడేలా చూపించి, కవర్ మీద ‘చీర’ అని రాయకుండా పంపండి.